సుమారు లెక్కకీ ఆలోచన కావాలి!

“47ని దగ్గరి పదులకు సవరించు” అని హోంవర్కు ఇస్తే, మీ పాప గబగబా 50 అని రాసేస్తుంది. ఎందుకని అడిగితే “7 ఉంది కదమ్మా, 5 కంటే పెద్దది!” అంటుంది. జవాబు సరైనదే. మరి విషయం అర్థమైందంటారా?

నేలమీద సుద్దముక్కతో గీత గీసి 40 నుంచి 50 దాకా అంకెలు వేయండి. 47 దగ్గర చింతగింజ పెట్టి “ఇది ఎటువైపుకి దగ్గర?” అని అడగండి. 50కి మూడంగలు, 40కి ఏడు. తనే చెప్పేస్తుంది! సరిగ్గా మధ్యనుండే 45ని పైకి సవరించడం బళ్లో పాటించే పద్ధతని చెప్పండి చాలు.

వందల దగ్గర కొంచెం జాగ్రత్త. కొందరు పిల్లలు 347ని ముందు 350 చేసి, దాన్ని మళ్లీ 400 చేసేస్తారు. 347కి 300 దూరం 47, 400 దూరం 53. కాబట్టి 300 సరి. సవరించడం ఒక్కసారే!

అవసరాన్ని బట్టి సూత్రాన్ని పక్కన పెట్టడం కూడా నేర్పాలి. పుట్టినరోజుకి 32 మంది పిల్లలొస్తున్నారు. చాక్లెట్లు ప్యాకెట్‌కి పది. సూత్రం ప్రకారం 32 అంటే 30, మూడు ప్యాకెట్లు. మరి మిగిలిన ఇద్దరూ మొహాలు చిన్నబుచ్చుకోవాలా? నాలుగు కొనాల్సిందే. బజారులోనూ ధరలన్నీ పైకి సవరించి కూడుకుంటే డబ్బు చాలకపోవడం ఉండదు. మందు మోతాదుకి మాత్రం సుమారు పనికిరాదు.

ఈసారి కూరలకెళ్లినప్పుడు పాపని “సుమారు ఎంతవుతుంది?” అని అడగండి. వెంటనే “ఎందుకలా?” అని కూడా అడగడం మరచిపోకండి.