కండెలు ఎవరు చుట్టాలి?

బాపట్ల జిల్లాలో, చీరాలకు దగ్గిరలోనే వేటపాలెం ఉన్నది. అది చేనేతకు పేరుపడిన ఊరు. అక్కడి నేతపని మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివారు ఇట్లా ఊహించుకోండి. నేతగాడు గుంటమగ్గం ముందు కూచుని నాడెను ఇటు నుంచి అటుకూ, అటు నుంచి ఇటుకూ నడుపుతూ ఉంటాడు. నాడెలో ఒక కండె ఉంటుంది. దాని మీది నూలు అయిపోగానే మరొక కండె కావాలి. అది సిద్ధంగా లేకపోతే మగ్గం ఆగిపోతుంది. అందుచేత ఇంట్లో మరొకరు రాట్నం దగ్గిర కూచుని కండెలు చుట్టి పెడుతూ ఉంటారు. చీర కొనేవాళ్ళు నేతను మెచ్చుకుంటారే గాని, కండెలు చుట్టినవారిని తలుచుకోరు. కాని కండెలు లేనిదే చీర లేదు గదా!

కంప్యూటరులో కూడా ఇట్లాటి కండెలపని ఉన్నదంటే మీరు నమ్ముతారా?

మీరు కంప్యూటరు మీద ఒక బొమ్మ గీస్తున్నారనుకోండి. మీకు తెర మీద కనిపించేది ఆ బొమ్మ ఒక్కటే. కాని తెర వెనక ఎన్నో పనులు జరుగుతూ ఉంటవి. మీరు దాచమన్న బొమ్మను డిస్కు మీదికి చేర్చాలి. అప్పుడే తగిలించిన పెన్ డ్రైవును గుర్తుపట్టాలి. గాలిలో వచ్చే వార్తలను అందుకోవాలి. ఈ పనులు చెయ్యమని ఎవరూ విడిగా అడగరు. అయినా అవి జరిగి తీరాలి.

వీటిని పంచిపెట్టే పెత్తనం కెర్నల్‌ది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపలి భాగాన్ని కెర్నల్ అంటారు. ఆ మాటకు పిక్కలోని పప్పు అని అర్థం. వేటపాలెం జీడిపప్పుకు కూడా పేరుపడిన ఊరే కనక, అక్కడి పిల్లలకు ఈ మాట తేలికగా గుర్తుంటుంది. పైన ఎన్ని తొడుగులున్నా, లోపలిది పప్పు!

కెర్నల్ పనులను పంచితే, వాటిని చేసేవి ప్రాసెసర్లు. ఇప్పటి కంప్యూటరులో ప్రాసెసరు ఒక్కటే ఉండదు. నాలుగో, ఎనిమిదో, ఇంకా ఎక్కువో ఉంటవి. వాటికి 0, 1, 2, 3 అని వరసగా అంకెలు వేస్తారు. కొత్తగా ఒక చిల్లర పని పుట్టినప్పుడు దాన్ని వీటిలో దేనికి అప్పగించాలి?

"ఏది ఖాళీగా ఉంటే దానికి!" అంటారు మీరు. కాని కాస్త ఆలోచించండి. నూలు చిలప ఈ ఇంట్లో ఉన్నది. కండె కావలసిన మగ్గమూ ఇక్కడే ఉన్నది. పక్క వీధిలో ఎవరో ఖాళీగా ఉన్నారని నూలు అక్కడికి మోసుకుపోయి, చుట్టించి, మళ్ళీ మోసుకు రావటం తెలివైన పనేనా? ప్రతి ప్రాసెసరుకూ పక్కనే క్యాషె అనే చిన్న జ్ఞాపకపు అర ఉంటుంది. అది ఇప్పుడే వాడిన సమాచారం ఆ అరలోనే ఉంటుంది. పని మరొక ప్రాసెసరు చేతికి పోతే, ఆ సమాచారమంతా దూరం నుంచి తెచ్చుకోవాలి. అందుచేత కెర్నల్ చాలా పనులను అవి పుట్టిన ప్రాసెసరుకే ఇస్తుంది. ఎక్కువసేపు పట్టే బరువైన పనులను మాత్రం ఊరుమ్మడి పనులుగా ఉంచుతుంది. వాటిని వేరే ప్రాసెసర్లు కూడా అందుకోవచ్చు.

ఈ ఏర్పాటు మొదటినుంచీ ఇంత బాగా లేదు. లైనక్సు అనే కెర్నల్ కథ వినండి. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోనూ ఉన్నది అదే. 2010కి ముందు లైనక్సులో చాలా రకాల పనులకు, ఒక్కొక్క రకానికీ, ఒక్కొక్క ప్రాసెసరు దగ్గిరా విడిగా ఒక పనివాడు ఉండేవాడు. పనివాడంటే మనిషి కాదు, పని చెయ్యటానికి కెర్నల్ తయారుచేసుకున్న చిన్న ప్రోగ్రాము. 50 రకాల పనులూ, 64 ప్రాసెసర్లూ ఉన్నవనుకోండి. లెక్క వేస్తే 3,200 మంది పనివాళ్ళు! వారిలో చాలామందికి పనే ఉండదు.

లైనక్సు తనలో నడిచే ప్రతిదానికీ ఒక నంబరు ఇస్తుంది. అప్పట్లో మామూలుగా ఆ నంబర్లు మొత్తం 32,768. ప్రాసెసర్లు పెరిగిన కొద్దీ ఏం జరిగిందంటే, కొన్ని పెద్ద యంత్రాలలో మీట నొక్కి అవి మేలుకునేసరికే ఆ నంబర్లన్నీ చెల్లిపోయినవి! ఇంత గుంపు ఉండి కూడా పనులు ఆగిపోయేవి. ఒక పనివాడు డిస్కు కోసం ఎదురుచూస్తూ కూచుంటే, అతని వెనక వరసలో ఉన్న పనులన్నీ నిలిచిపోయేవి. పక్కన ఎందరు ఖాళీగా ఉన్నా అవి వేరే రకం పనివాళ్ళవి, ముట్టుకోరు.

2010లో తేజున్ హియో అనే ఇంజనీరు ఈ పద్ధతిని మార్చాడు. రకానికొక పనివాడు అనే మాట తీసేసి, అన్ని రకాలకూ ఉమ్మడిగా పనివాళ్ళను ఏర్పాటు చేశాడు. ఇప్పుడు ప్రతి ప్రాసెసరు దగ్గిరా ఇట్లాటి జట్లు రెండు ఉంటవి. ఒకటి మామూలు పనులకు, రెండోది తొందర పనులకు. జట్టులో ఒకడు పని చేస్తూ ఉన్నంతసేపు రెండోవాణ్ణి లేపరు. మొదటివాడు దేనికోసమో ఎదురుచూస్తూ ఆగితే, వెంటనే రెండోవాడు లేచి మిగతా పని అందుకుంటాడు. పనిలేనివాళ్ళు మరీ ఎక్కువైతే, 5 నిమిషాలు చూసి వారిని పంపేస్తారు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. కొత్త పనివాణ్ణి తయారుచెయ్యటానికి కంప్యూటరు జ్ఞాపకంలో కొంత చోటు కావాలి. చోటంతా నిండిపోయిందనుకోండి. చోటు ఖాళీ చేసే పని ఒకటి ఉన్నది, కాని దాన్ని చెయ్యటానికి పనివాడు లేడు. పనివాణ్ణి తేవాలంటే చోటు లేదు! చేతిపంపు ఎండిపోయినప్పుడు ఇట్లాగే అవుతుంది. ముందు కాసిని నీళ్ళు పోస్తేనే నీళ్ళు వస్తవి. అందుకని తెలివైనవాళ్ళు పంపు పక్కన ఒక చెంబెడు నీళ్ళు అట్టేపెడతారు. లైనక్సు కూడా అంతే చేసింది. జ్ఞాపకాన్ని ఖాళీ చెయ్యటానికి తోడ్పడే పనుల కోసం ఒక్కొక్క పనివాణ్ణి ముందే తయారుచేసి పక్కన ఉంచింది. అతని పేరు రక్షకుడు. అతను లేకపోతే యంత్రం మొత్తం కొయ్యబారి పోగలదు.

ఇదంతా నిజమేనా అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడాను. వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉన్నది. అక్కడ పాత పత్రికలు తెరిచి, విన్నమాట నిజమో కాదో చూసుకోవచ్చు. లైనక్సు కూడా తన లెక్కలను దాచదు. పెద్దల సాయంతో, లైనక్సు ఉన్న కంప్యూటరులో నడుస్తున్నవాటి జాబితా తెప్పించండి. అందులో ఇట్లాటి పేర్లు కనిపిస్తవి:

కేవర్కర్/1:2

కేవర్కర్/1:0హెచ్

కేవర్కర్/యు8:3

చదవటం తేలికే. మొదటిదానిలో 1 అంటే 1వ ప్రాసెసరు. దాని తరవాతి 2 ఆ జట్టులో పనివాడి నంబరు. రెండోదానిలో చివరి ‘హెచ్’ తొందర పనుల జట్టుకు గుర్తు. మూడోదానిలో ‘యు’ ఉంటే అతను ఏ ఒక్క ప్రాసెసరుకూ కట్టుబడని ఊరుమ్మడి పనివాడు. అప్పుడు 8 ప్రాసెసరు అంకె కాదు, అతని జట్టు నంబరు. 2018 నుంచి పేరు చివర గీత గీసి, అతను చేసే పనుల వరస ఏదో కూడా చూపుతున్నారు.

ఊరుమ్మడి పనులను ఏయే ప్రాసెసర్లు చెయ్యవచ్చునో చెప్పే ఫైలు ఒకటి ఉన్నది. దాని పేరు సిపియు మాస్కు. అందులో ఉండేది ఒక్క సంఖ్యే. దాన్ని విప్పటం సరదాగా ఉంటుంది. 0వ ప్రాసెసరుకు 1, 1వ దానికి 2, 2వ దానికి 4, 3వ దానికి 8 విలువ. అనుమతి ఉన్నవాటి విలువలు కూడాలి. నాలుగింటికీ అనుమతి ఉంటే మొత్తం 15. ఈ లెక్కలో 9 దాటితే ఇంగ్లీషు అక్షరాలు వాడతారు కనక, 15కు బదులు ‘ఎఫ్’ అని ఉంటుంది. ఫైలులో 3 ఉంటే? 3 అంటే 1, 2 కలిపినది. కనక 0, 1 ప్రాసెసర్లకే అనుమతి.

అట్లా ఎందుకు చేస్తారంటే, పాట రికార్డు చేసేటప్పుడు మధ్యలో ఒక్క క్షణం తెగినా పాట పాడవుతుంది. 2, 3 ప్రాసెసర్లను ఆ పనికే వదిలి, ఊరుమ్మడి పనులను మిగతావాటికి తోలతారు. అయితే 2వ ప్రాసెసరు మీద పుట్టి దానికే కట్టుబడిన పని మాత్రం అక్కడే జరుగుతుంది. ఈ సంఖ్య దాన్ని ఆపలేదు. చదవటానికి భయం లేదు గాని, ఈ సంఖ్యను మార్చటం కంప్యూటరు యజమాని చెయ్యవలసిన పని. మీరు మార్చకండి.

ఇట్లా పరీక్షించి చూసేవాళ్ళు ఉండటం మూలానే పద్ధతులు బాగుపడుతున్నవి. పెద్ద ప్రాసెసర్లలో ఇప్పుడు క్యాషెలు చాలా ఉంటవి. ఒక్కొక్కదాన్ని కొన్ని ప్రాసెసర్లు కలిసి వాడుకుంటవి, ఒకే ఇంట్లో ఉండేవారి లాగా. ఊరుమ్మడి పనులు ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి పోయి వృథాగా ఆలస్యం కావటం కొందరు గమనించారు. 2023లో లైనక్సు ఒక కొత్త నియమం చేర్చుకున్నది: పని ఊరుమ్మడిదైనా, ముందు ఆ ఇంటివాళ్ళకే ఇవ్వాలి. ఏ జట్టు ఏ ప్రాసెసర్లకు చెందినదో వరసగా అచ్చు వేసి చూపే చిన్న పనిముట్టు కూడా ఆ ఏడే వచ్చింది. కండె చుట్టేవారు మగ్గానికి దగ్గిరగా ఉండటమే మేలని నేతగాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు!

ఇక మీకొక లెక్క. నాలుగు ప్రాసెసర్లున్న యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే 6 అని ఉన్నది. ఊరుమ్మడి పనులు ఏ ప్రాసెసర్ల మీద జరుగుతవి? మీ జవాబు 1, 2 అయితే, కెర్నల్ రాసిన మొదటి అక్షరం మీకు చదవటం వచ్చినట్టే.