లాభంలో ఉండగానే మూతపడే లెక్క

కరీంనగర్ ఐటీ టవర్ 2020లో ప్రారంభమైంది. అదే ఏడు మార్చి 17న రిజర్వ్ బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్లకు, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు వసూలు చేసి వ్యాపారికి చేర్చే గేట్‌వే సంస్థలకు, నిబంధనలు జారీ చేసింది. మన జిల్లా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు టవర్ ప్రారంభం గుర్తుంది. కంపెనీ బతుకు మాత్రం ఆ నిబంధనల మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఒక ఊహా లెక్క చూద్దాం. కరీంనగర్‌లో పదిమంది కలిసి బడులకు ఫీజుల సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారు. వినియోగదారులు ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాలల్లో ఉన్నారు. నెలకు అమ్మకం 5 లక్షలు, దానిపై 18 శాతం జీఎస్టీ 90 వేలు. జీతాలు 3 లక్షలు, అద్దె, సర్వర్లు కలిపి లక్ష. పన్నుతో కలిపిన మొత్తంపై గేట్‌వే 2 శాతం తీసుకుంటే 11,800. మిగిలేది 88,200. ఇది మంచి కంపెనీయే.

ఇప్పుడు గేట్‌వే సెటిల్‌మెంట్ ఆపిందనుకోండి, అంటే వసూలైన సొమ్ము మన ఖాతాకు పంపకుండా హోల్డ్‌లో పెట్టిందనుకోండి. జీతాలు, అద్దె, సర్వర్లకు 4 లక్షలు చేతినుంచి కట్టాలి. జీఎస్టీ కూడా అంతే. పన్ను బిల్లు మీద పడుతుంది, డబ్బు ఖాతాలో పడిందా లేదా అన్నది చూడరు. నెలవారీ రిటర్ను వేసేవాళ్లకు మర్నెల 20 గడువు. మొత్తం 4.9 లక్షలు. అంటే ఒక్క నెల హోల్డ్ ఐదున్నర నెలల మిగులును మింగేస్తుంది.

ఎందుకు ఆపుతారు? కార్డుతో కట్టినవారు చాలా సందర్భాల్లో 120 రోజుల దాకా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడగవచ్చు. ఈలోపు అమ్మినవాడు కనపడకపోతే నష్టం గేట్‌వేది. అందుకే అనుమానం రాగానే డబ్బు పట్టి ఉంచుతారు. పేపాల్ ఒప్పందం ప్రకారం 180 రోజుల దాకా ఉంచవచ్చు. అగ్రిగేటర్ల దగ్గరున్న సొమ్ము నిబంధన ప్రకారం బ్యాంకు ఎస్క్రో ఖాతాలోనే ఉంటుంది కాబట్టి భద్రమే. కానీ భద్రంగా ఉన్న సొమ్ముతో ఒకటో తారీఖు జీతాలివ్వలేం.

కొన్నిసార్లు కంపెనీ తప్పేమీ ఉండదు. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ దేశీయ చెల్లింపులు మానేసింది. అదే ఏడు అక్టోబర్ 1న ఆటో డెబిట్‌పై రిజర్వ్ బ్యాంకు నిబంధన వచ్చి, నెలనెలా చందా తీసుకునేవారి వసూళ్లు దెబ్బతిన్నాయి. 2022 డిసెంబర్ నుంచి దాదాపు ఏడాది రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ గేట్‌వేలు కొత్త వ్యాపారులను చేర్చుకోలేకపోయాయి. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై ఆంక్షలు వచ్చాయి, సర్దుకోవడానికి మార్చి 15 గడువు.

నా మాటగా చెబుతాను: ఏడాది చందా కట్టే బడుల నుంచి సొమ్మును గేట్‌వే ద్వారా తీసుకోవద్దు. నేరుగా కంపెనీ ఖాతాకు నెఫ్ట్ చేయించుకోండి. రెండో గేట్‌వేకు కాగితాలు ఇప్పుడే పెట్టండి, హోల్డ్ పడ్డాక ఎవరూ త్వరగా చేర్చుకోరు.

ఇక కంపెనీని మూసేయడమూ తేలిక కాదు. కంపెనీల రిజిస్టర్ నుంచి పేరు తీయించుకోవాలంటే అప్పులన్నీ తీరాలి. నడిచిన కంపెనీ అయితే గడచిన రెండు ఆర్థిక సంవత్సరాల్లో వ్యాపారం లేదని చూపాలి. అందుకు వేసే ఎస్‌టీకే-2 ఫారానికి 10 వేల రుసుము. ఆలోపు వార్షిక పత్రాలు వేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల ఆలస్య రుసుము.