అట్టపెట్టెలో వచ్చిన విమానం

"ఏరా, యుద్ధ విమానం బొమ్మ మనింట్లో ఎందుకురా?"

మా అమ్మ అడిగిన ఈ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. క్రిస్మస్ సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మా తమ్ముడు మా అబ్బాయికి ఒక అట్టపెట్టె తెచ్చాడు. మూత మీద ఆకాశంలో ఎగురుతున్న పాతకాలపు విమానం బొమ్మ ఉంది, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలతో. మూత తీసి చూస్తే లోపల విమానం లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు, ఆ చట్రాలకు కొమ్మకు కాయల్లా అంటుకుని ఉన్న చిన్న చిన్న ముక్కలు, ఎలా అతకాలో చూపించే కాగితం, నీళ్ళలో తడిపి అంటించే గుర్తుల కాగితం, అంతే. "బొమ్మ దారిలో విరిగిపోయిందేమో చూడండి" అంది మా అమ్మ. విరిగింది కాదు, ఇంకా చేయనిది అని చెప్పేసరికి ఆమెకు ఆశ్చర్యం. మూత మీది తుపాకులను చూసిన తరువాతే పై ప్రశ్న అడిగింది.

ఆమె ప్రశ్న న్యాయమైనదే. తన అన్నగారిని యుద్ధంలో పోగొట్టుకున్న ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. అందుచేత, ప్రియ పాఠకులారా, ఈ ప్లాస్టిక్ విమానాల సంగతి నేను తెలుసుకున్నంత మేరకు మీకు చెబుతాను. జవాబు మధ్యలో ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి.

ఇవి మొదట ఇంగ్లండులో పుట్టాయి. అక్కడ ఫ్రాగ్ అనే పేరుతో నిజంగా గాలిలో ఎగిరే బొమ్మ విమానాలు అమ్మేవారు. వారే 1936లో, ఎగరకుండా అలమరలో పెట్టుకుని చూసుకోవటానికి మాత్రమే పనికివచ్చే ప్లాస్టిక్ విమానాలను ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్మటం మొదలుపెట్టారు. పక్షి అయి ఉండి ఎగరలేనిది గనుక వాటికి పెంగ్విన్ అని పేరు పెట్టారు. ఆ తొలి పెట్టెలలో గ్లాడియేటర్ అనే యుద్ధ విమానం ఒకటి. మా ఇంటికి వచ్చింది కూడా గ్లాడియేటరే.

ఈ విద్యను ఇంటింటికీ చేర్చింది మాత్రం ఎయిర్‌ఫిక్స్ కంపెనీ. హంగరీలో పుట్టిన యూదుడు నికొలస్ కోవ్ 1939లో లండన్‌లో దాన్ని స్థాపించాడు. మొదట గాలి నింపే రబ్బరు బొమ్మలు, ఆ తరువాత తల దువ్వుకునే దువ్వెనలు చేశాడు. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ల కంపెనీవారు తమ అమ్మకందార్లు రైతులకు చూపించటానికి చిన్న ట్రాక్టరు నమూనా చేసిపెట్టమని అడిగారు. చేశాడు. ఎయిర్‌ఫిక్స్ చేసిన మొదటి నమూనా విమానం కాదు, ట్రాక్టరు! ఆ ఫెర్గూసనే తరువాత మాసీ ఫెర్గూసన్ అయింది. మన పొలాల్లో దుక్కి దున్నే ఎర్ర ట్రాక్టరు మీద మీరు ఆ పేరు చూసే ఉంటారు. 1952లో గోల్డెన్ హైండ్ అనే పాతకాలపు ఓడను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వూల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మారు. విమానాలు ఆ వెనక వచ్చాయి. కూలివాని పిల్లవాడు కూడా దాచుకున్న చిల్లరతో కొనుక్కోగలిగిన బొమ్మ అది. కంపెనీ చాలా చేతులు మారి 2006లో హార్న్‌బీ అనే బొమ్మ రైళ్ళ కంపెనీ చేతికి వచ్చింది. ఆ తరువాతి ఏళ్ళలో వారి పెట్టెలు చాలావాటిని మన దేశంలోనే పోయించారు.

పోయించటం అని ఎందుకన్నానంటే ఇది అచ్చు పోసే పనే. పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్ పలుకులను వేడికి కరిగించి, ఉక్కు అచ్చులోకి గట్టి ఒత్తిడితో ఎక్కిస్తారు. కరిగిన ప్లాస్టిక్ సన్నని కాలవల గుండా పారి ఒక్కొక్క ముక్క గుంటలోకీ చేరుతుంది. చల్లారిన తరువాత ఆ కాలవలలో గట్టిపడినదే చట్రం. మడులకు నీరు పెట్టేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అచ్చు చెక్కించటం చాలా ఖర్చు. ఒకసారి చెక్కించిన తరువాత వేలకు వేలు తీయవచ్చు.

ఇక కొలత. పెట్టె మీద 1/72 అని ఉంటుంది. అసలు విమానంలో 72 అంగుళాలు ఇక్కడ ఒక అంగుళం. అంటే ఆరడుగుల మనిషి అంగుళమంత అవుతాడు. గ్లాడియేటర్ రెక్కల పొడవు 32 అడుగుల 3 అంగుళాలు, మా బొమ్మ రెక్క దాదాపు ఐదున్నర అంగుళాలు. ఈ కొలతకు ఒక చరిత్ర ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో, ఆకాశంలో కనిపించే విమానం మనవారిదా శత్రువుదా అని గుర్తుపట్టలేక సొంత విమానాలనే కూల్చుకునే ప్రమాదం ఉండేది. అందుకని 1942లో అమెరికా నౌకాదళం తన దేశంలోని హైస్కూలు పిల్లలను ఐదు లక్షల విమాన నమూనాలు చేసి పంపమని కోరింది. యాభై రకాలు, ఒక్కొక్క రకం పదివేలు, అన్నీ 1/72 కొలతలోనే. పిల్లలు కొయ్యతో చెక్కి నల్లరంగు వేసి పంపారు. 35 అడుగుల దూరంలో అలాంటి నమూనాను పట్టుకుంటే దాదాపు అరమైలు దూరంలో ఎగిరే అసలు విమానమంత కనిపిస్తుంది. ఈ సంగతి మా అమ్మకు చెప్పాను. "అయితే చంపకుండా ఉండటానికి కూడా బొమ్మలు చేశారన్నమాట" అంది. అంతమాత్రాన ఆమె ఒప్పుకుందని అనుకోకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఇందులో నా తప్పు కూడా ఉంది.

కొన్నేళ్ళ కిందట వేసవిలో మా సంఘంలో వి.బి.ఎస్. జరిగినప్పుడు పిల్లలకు నేనొక కథ చెప్పాను. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవి ఉంది. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో పౌలు ఓడ పగిలి ఒడ్డుకు చేరిన మెలితే ద్వీపం అదే. 1940లో ఇటలీ దేశపు విమానాలు ఆ దీవి మీదికి వచ్చినప్పుడు దాన్ని కాపాడటానికి అక్కడ మూడే మూడు పాత గ్లాడియేటర్ విమానాలు ఉన్నాయనీ, వాటిని నడిపినవారు మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయంలోని విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అనే పేర్లు పెట్టుకున్నారనీ, ఆ మూడే శత్రువునంతా ఆపేశాయనీ చెప్పాను. ఎక్కడో చదివిందే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా అబ్బాయికి ఆ కథంటే ప్రాణం. తమ్ముడు ఆ విమానమే వెతికి తెచ్చింది కూడా అందుకే.

ఈ పనిలో ఒక క్రమశిక్షణ ఉంది. ప్రతి విమానానికీ తోక దగ్గర ఒక నంబరు ఉంటుంది. ఫలానా విమానమే చేస్తున్నాను అని చెప్పాలంటే ఆ నంబరు సరిగ్గా రాయాలి, ఆ రోజు అది ఎలా ఉందో అలాగే చేయాలి. "నాన్నా, ప్రేమ నంబరు ఎంత?" అని మా వాడు అడిగాడు. వెతకటం మొదలుపెట్టాం. విశ్వాసము ఎన్ 5520, ప్రేమ ఎన్ 5519, నిరీక్షణ ఎన్ 5531 అని దొరికాయి. కాని ఆ మూడింటితో జాబితా ఆగలేదు. అవే రోజులలో మాల్టాలో ఎగిరిన మరికొన్ని గ్లాడియేటర్ల నంబర్లు కూడా కనబడ్డాయి.

"మూడే అన్నావు కదా నాన్నా?"

నిజం ఇది. గ్లోరియస్ అనే విమానవాహక నౌక 18 సముద్రపు రకం గ్లాడియేటర్లను పెద్ద కొయ్యపెట్టెల్లో విడిభాగాలుగా మాల్టాలో దించి ఉంచింది. కొన్నిటిని తరువాత వేరే చోట్లకు తీసుకుపోయారు. మిగిలినవాటిలో కొన్నిటిని పెట్టెలు విప్పి అక్కడే బిగించారు. యుద్ధ విమానాలు నడపటమే వృత్తిగా ఉన్నవారు ఆ దీవిలో లేరు. సముద్ర విమానాలు నడిపినవారు, ఆఫీసు పనుల్లో ఉన్నవారు మేము వెళతామని ముందుకు వచ్చారు. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధం ప్రకటించింది, మరునాటి ఉదయమే బాంబులు పడ్డాయి. ఆ జోడు రెక్కల విమానాలు లేచి వెళ్ళిన మాట నిజం. గంటకు 400 కిలోమీటర్ల పరుగే వాటిది, ఎదుటివాటిలో కొన్ని వాటికంటే వేగమైనవి. ఒక్కోసారి లేవగలిగినవి మూడో, రెండో, ఒకటో. కాని దీవిలో ఉన్నవి మూడే కావు. జూన్ నెలాఖరుకే కొన్ని హరికేన్ విమానాలు కూడా వచ్చి కలిశాయి. ఇక ఆ పేర్లు తరువాత పత్రికల ద్వారా వ్యాపించినవి. ఆ రోజుల్లో పైలట్లు ఆ పేర్లతో పిలుచుకోలేదు.

ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. సంఘపెద్ద ఒకాయనతో చెబితే, "మంచి కథే కదా మాస్టారూ, పిల్లలకు ధైర్యం వస్తుంది, ఇప్పుడు దాన్ని కదిలించటం ఎందుకు?" అన్నారు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు. కాని తోక మీద నంబరు తప్పు రాస్తే ఒప్పుకోని మా వాడు, నేను వాక్యం చదివే బల్ల దగ్గర నిలబడి చెప్పిన తప్పును ఎలా ఒప్పుకుంటాడు? ఆదివారం ఆరాధన ముగిశాక సండే స్కూలు పిల్లలను కూర్చోబెట్టి, నేను చెప్పినదాంట్లో ఏది నిజమో ఏది కాదో చెప్పాను. ముఖం వేడెక్కింది, అబద్ధమెందుకు. ఒక అమ్మాయి లేచి, "అయితే సార్, విమానాలకు ఏమైంది?" అని అడిగింది. చెప్పాను. ప్రేమ అని మనం పిలుస్తున్నది 1940 జూలై 31న పోరాటంలో మంటలంటుకుని కూలిపోయింది. పైలట్ దూకి బతికాడు గాని ఒళ్ళంతా బాగా కాలింది. నిరీక్షణ నేల మీద ఉండగానే బాంబులకు నాశనమైంది. విశ్వాసము మొండెం మాత్రం మిగిలితే 1943లో దాన్ని మాల్టా ప్రజలకు ఇచ్చారు. వలెట్టా నగరంలో సెయింట్ ఎల్మో కోటలోని యుద్ధ ప్రదర్శనశాలలో అది ఉంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పైలట్ తరువాత కోలుకున్నాడా అని మాత్రం ముగ్గురు నలుగురు అడిగారు.

బొమ్మ సంగతి చెప్పనేలేదు. ముందు చట్రాలను సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. అచ్చుకు పూసిన జిడ్డు ఉంటే రంగు అంటదు. ముక్కను చేత్తో తుంచకూడదు, చిన్న కత్తెరతో కోసి, మిగిలిన మొటిమను నూగు కాగితంతో రుద్దాలి. దీని జిగురు మామూలు బంకలాంటిది కాదు. రెండు అంచుల ప్లాస్టిక్‌నూ కాస్త కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. ఆరిన తరువాత విడదీయాలంటే విరగాల్సిందే. దాని ఆవిరి పీల్చటం మంచిది కాదు గనుక కిటికీలు తెరిచి, పెద్దవాళ్ళు పక్కన ఉండి చేయించాలి. నేను తొందరపడి పైలట్ గది అద్దాన్ని క్షణాల్లో అంటుకునే జిగురుతో అతికించాను. తెల్లారేసరికి అద్దం మంచు పట్టినట్లు తెల్లబడిపోయింది. ఆ జిగురు ఆవిరి చేసే పని అది. అద్దాలకు కర్రపనివాళ్ళ తెల్ల జిగురు చాలు, ఆరితే కనిపించదు. మా వాడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

సముద్రపు రకానికి కింద ఓడ మీద తాడును పట్టుకునే కొక్కెం ఉంటుంది. మా పెట్టెలో అది లేదు. పారేయవలసిన చట్రం ముక్కను కొవ్వొత్తి మంట పైన కాస్త దూరంగా పట్టుకుని, మెత్తబడగానే ఇవతలికి తీసి రెండు వైపులా మెల్లగా లాగితే వెంట్రుకంత సన్నని పోగు వస్తుంది. లావుగా ఉన్నదానితో కొక్కెం, సన్నని పోగులతో రెండు రెక్కల మధ్య ఉండే తీగలు చేశాం. ఈ తీగల పనికి మాకు మూడు ఆదివారాల మధ్యాహ్నాలు పట్టాయి. చెప్పుకోదగినంత మాట్లాడుకోలేదు గాని, మా వాడూ నేనూ అన్ని గంటలు ఒకే బల్ల దగ్గర కూర్చోవటం అదే మొదలు.

పై రెక్క అతికించటం చాలా కష్టం. సన్నని కర్రల మీద నిలబెట్టాలి. సరిగ్గా వచ్చిందని మేమిద్దరం మురిసిపోతుంటే, మంచం మీద కూర్చున్న మా అమ్మ అక్కడి నుంచే, "ఎడమవైపు దిగింది" అంది. స్కేలు పెట్టి చూస్తే నిజమే! ఏళ్ళ తరబడి నాట్లలో వరస చూసిన కళ్ళు మరి. జిగురు ఆరకముందే సరిచేశాం.

ఆమె ప్రశ్నకు నేను పూర్తి జవాబు ఇచ్చానని చెప్పను. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు వేసిన బి-29 విమానం కూడా ఇలాగే పెట్టెలో దొరుకుతుంది. దాని ముక్కలూ ఇలాగే అతుక్కుంటాయి. అది ఎవరూ చేయకూడదని నేననను. కాని ఆ ఊళ్ళో ఏం జరిగిందో పిల్లవాడికి చెప్పకుండా ఆ రెక్క అతకనివ్వటం నాకిష్టం లేదు. పెట్టె మూత మీద కాలిపోయిన మనుషులను ఎవరూ వేయరు. ఆ భాగం ఇంట్లో పెద్దవాళ్ళే చెప్పాలి.

మా వాడు తోక మీద ఏ నంబరు రాయాలా అని చాలా రోజులు తేల్చుకోలేదు. చివరికి ఎన్ 5519 రాశాడు. కాలిపోయినదాన్నే ఎందుకు ఎంచుకున్నావని నేను అడగలేదు. విమానం ఇప్పుడు రేడియో పక్కన ఉంది, అద్దం ఇంకా మసకగానే ఉంది. మా అమ్మ దాన్ని రోజూ చీరకొంగుతో తుడుస్తుంది, తీగలు తెగుతాయని వాడు గోల పెడుతుంటాడు. మొన్న మాత్రం ఆమె నన్ను పిలిచి అడిగింది: "ఆయనెవరో మొదట ట్రాక్టరు చేశాడన్నావు కదా, ఈసారి మీ తమ్ముణ్ణి అది తెమ్మను."

ఆ పాత ట్రాక్టరు ఇప్పుడు సేకరించేవాళ్ళ అలమరల్లోనే ఉంటుందని ఆమెకు ఇంకా చెప్పలేదు.