కొత్త బస్సులన్నీ ఆ రూట్‌కేనా? డిపోలో అసలు లెక్క ఇదీ!

డిపోకి కొత్త బస్సులు వచ్చాయంటే కొబ్బరికాయ కొట్టడం, జెండా ఊపడం వరకే జనానికి కనిపిస్తుంది. అసలు పంచాయితీ ఆ మర్నాడు మొదలవుతుంది. వచ్చింది పది బస్సులు, అడిగేది ముప్పై రూట్లు. మరి ఎవరికి ఇవ్వాలి?

ఈ ప్రశ్న ఇప్పుడు మరీ ముదిరింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు, ఆర్టీసీ బస్సులతో సహా, 2023 ఏప్రిల్ 1 నుంచి రోడ్డెక్కకూడదని కేంద్రం తేల్చేసింది. మరోవైపు తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, ఏపీలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాయి. మహిళలకు ఉచిత ప్రయాణంతో బస్సుల్లో రద్దీ ఒక్కసారిగా పెరిగింది. అంటే పాతవి పక్కకు పోతుంటే ఎక్కేవాళ్లు పెరుగుతున్నారన్నమాట.

డిపోలో మొదట చూసేది ఈపీకే. బస్సు ఒక కిలోమీటరు తిరిగితే ఎంత ఆదాయం వచ్చిందనే లెక్క ఇది. దాని పక్కనే ఓఆర్ ఉంటుంది. సీట్లు ఎంత మేర నిండాయో అది చెబుతుంది. ఈ రెండూ బాగున్న రూట్‌కే కొత్త బస్సు వెళ్లడం ఆనవాయితీ. అందుకే దూరప్రాంత సర్వీసులకే మొదటి వాటా దక్కుతుంది. అక్కడ లక్షల కిలోమీటర్లు తిరిగి అలసిపోయాక అదే బస్సుకి రంగు మార్చి పల్లెవెలుగుగానో, సిటీ ఆర్డినరీగానో దింపుతారు. టౌన్ లోకల్ ప్రయాణికుడికి "కొత్త" బస్సు చాలాసార్లు ఇలాగే వచ్చింది!

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. బస్సు మాటిమాటికీ ఆగిపోయే రూట్‌లో జనం విసిగిపోయి ఆటో ఎక్కేస్తారు. ఓఆర్ పడిపోతుంది. కాగితం మీద చూసేవాళ్లకి అక్కడ డిమాండే లేదనిపిస్తుంది. దాంతో ఆ రూట్‌కి మళ్లీ పాత బస్సే! తప్పు బస్సుది, శిక్ష రూట్‌కి.

ఇంకోటి కూడా చూడాలి. బస్టాండ్ నుంచి రైల్వే స్టేషన్‌కి ఐదు నిమిషాలకో బస్సు ఉందనుకుందాం. ఒకటి చెడిపోతే వెనకాలే ఇంకోటి వస్తుంది. పెద్ద నష్టమేం లేదు. అదే ఊరి చివరి కాలనీకి రెండు గంటలకో ట్రిప్పు ఉంటే? ఉదయం బస్సు ఆగిపోయిందంటే కాలేజీ పిల్లలకి మొదటి పీరియడ్ పోయినట్టే, కూలికి వెళ్లేవాళ్లకి ఆ రోజు పనే పోయినట్టు. నిజానికి నమ్మకమైన బస్సు ఎక్కువ అవసరం ఈ రెండో రూట్‌కే. కానీ ఈపీకే లెక్కలో ఆ నష్టం ఎక్కడా కనపడదు.

అలాగని డిపో మేనేజర్ చేతిలోనే అంతా ఉండదు. కొత్త డీజిల్ బస్సులు బీఎస్-6 రకం. వాటి సెన్సార్లు, స్పేర్లు తెలిసిన మెకానిక్‌లు కావాలి కాబట్టి ఒకే మోడల్ బస్సుల్ని ఒకే డిపోలో ఉంచడం తేలిక. ఎలక్ట్రిక్ బస్సులకైతే చార్జింగ్ ఎక్కడ ఉందో రూట్ కూడా దాని చుట్టూనే తిరగాలి. పైగా వీటిలో చాలావరకు అద్దె పద్ధతిలో వస్తాయి. కిలోమీటర్ల లెక్కన కంపెనీకి డబ్బు కట్టాలి. రోజుకి ఇన్ని కిలోమీటర్లని ఒప్పందం చేసుకున్నాక బస్సుని ఖాళీగా నిలబెడితే ఆర్టీసీకే బొక్క. అందుకే రోజంతా ఆగకుండా తిరిగే రూట్లకే వాటిని వేస్తారు.

ఇక బస్సు మీద రాసే పేరు సంగతి. హైదరాబాద్‌లో మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో మహిళలకి జీరో టికెట్ ఉంది, మెట్రో డీలక్స్‌లో లేదు. ఒకే రూట్‌లో వచ్చిన కొత్త బస్సు మీద ఏ పేరు రాశారన్నదాన్ని బట్టి ఎవరు ఎక్కగలరో మారిపోతుంది. మీ రూట్‌కి కొత్త బస్సు వేశామని ఎవరైనా చెబితే ముందు అడగాల్సింది అదే.

ప్రయాణికులకి ఒక దారి ఉంది. డిపోల్లో 'డయల్ యువర్ డీఎం' పేరుతో ఫోన్ కార్యక్రమాలు జరుగుతుంటాయి. "మా బస్సు బాగాలేదు సార్" అంటే రాసుకుని వదిలేసే అవకాశమే ఎక్కువ. ఏ తేదీన, ఎన్ని గంటల ట్రిప్పు, ఏ స్టాప్ దగ్గర ఆగిపోయిందో చెబితే కథ వేరు. ఆ వివరాన్ని డిపోలోని బ్రేక్‌డౌన్ల రికార్డుతో సరిచూడొచ్చు. కొత్త బస్సుల కేటాయింపు రోజున ఆ రూట్ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.