10-1 ఓటమి ఎవరి ఖాతాలో రాయాలి? రహీం సాబ్ జట్టుకు హెల్సింకీలో ఏం జరిగింది

పెద్ద మ్యాచ్ పోయిందంటే అభిమానులు రెండుగా చీలిపోతారు. కోచ్‌ను వెంటనే తీసేయాలని ఒకరంటారు. కోచ్ ఏం చేస్తాడు, గ్రౌండులో ఆడాల్సింది వాళ్లే కదా అని ఇంకొకరంటారు. గల్ఫ్‌లో మనవాళ్లున్న పుంగనూరు, మదనపల్లె ఇళ్లకు 2022 నవంబర్ 22 గుర్తుండే ఉంటుంది. ఖతర్ ప్రపంచ కప్‌లో ఆ రోజు సౌదీ అరేబియా 2-1తో అర్జెంటీనాను ఓడించింది. మరుసటి రోజు సౌదీలో సెలవు కూడా ఇచ్చారు. అర్జెంటీనా అభిమానుల్లో కొందరు మెస్సీని, కొందరు కోచ్ స్కలోనీని తిట్టారు. తర్వాతి మ్యాచ్‌కు స్కలోనీ ఐదుగురిని మార్చాడు. డిసెంబర్ 18న కప్పు అర్జెంటీనాదే అయింది.

ఈ వాదనను సరిగ్గా తేల్చుకోవాలంటే అంత దూరం పోనక్కర్లేదు. ఇంతకంటే పెద్ద ఓటమి ఒకటి మన హైదరాబాద్ కోచ్ పేరు మీదే ఉంది.

1952 జూలై 15. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఒలింపిక్స్ ఫుట్‌బాల్. భారత్ ఎదురుగా యుగోస్లావియా. స్కోరు 10-1. జెబెక్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. మనవైపు నుంచి ఆఖరి నిమిషాల్లో ఒక గోల్ వచ్చింది. అది కొట్టింది బెంగళూరు ఆటగాడు అహ్మద్ ఖాన్. కెప్టెన్ శైలేన్ మన్నా, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాబ్ అంటే ఆ రోజుల్లో చిన్న పేరు కాదు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, బడిలో టీచర్‌గా పనిచేశారు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. హెల్సింకీకి ఏడాది ముందే, 1951 మార్చిలో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం తెచ్చుకుంది. ఆటగాళ్లూ తక్కువవాళ్లేం కాదు. హైదరాబాద్ నుంచే నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లున్నారు. మరి పది గోల్స్ ఎలా పడ్డాయి?

ఎక్కువమంది చెప్పే జవాబు బూట్లు. మనవాళ్లలో చాలామందికి అప్పటికింకా వట్టి కాళ్లతో ఆడటమే అలవాటు. ఎండిన గట్టి నేల మీద అందులో లాభమే ఉంది. బంతి కాలికి బాగా తెలుస్తుంది, మెలిక తిప్పడం తేలిక. తడి పచ్చిక మీద మాత్రం కాలు జారుతుంది. తోలు బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఎదుటివాడి బూటు కింద మేకులుంటే వట్టి కాలు పెట్టి బంతి లాక్కోవడానికి ఎవరికైనా జంకే. హెల్సింకీ తర్వాతే భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఆ నియమం ముందే ఉండి ఉంటే ఆటగాళ్లకు అలవాటు పడే టైమ్ దొరికేది. ఇది ఒక్క కోచ్ చేతిలో ఉన్న పని కాదు.

రెండో జవాబు దమ్ము. ఒలింపిక్స్‌లో మ్యాచ్ 90 నిమిషాలు. ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆడించింది 80 నిమిషాలే, దేశంలో టోర్నీలు అంతకంటే చిన్నవి. కాబట్టి మనవాళ్లు అలసిపోయారంటారు. వినడానికి బాగానే ఉంది గానీ స్కోరు చూడండి. హాఫ్ టైమ్‌కే ఐదు గోల్స్ పడ్డాయి, తర్వాత ఇంకో ఐదు. అలసటే అసలు కారణమైతే రెండో సగంలోనే ఎక్కువ పడాలి కదా.

మూడోది పద్ధతి. వెనక ఇద్దరు బ్యాక్‌లను మాత్రమే పెట్టే పాత అమరిక అప్పటికి మన దేశంలో బాగా వాడుకలో ఉండేది. యూరప్ ఎప్పుడో ముగ్గురికి మారింది. ఇక్కడ కోచ్‌కు బాధ్యత తప్పదు. రహీం సాబ్ అభిమానులకు ఈ మాట నచ్చకపోయినా లెక్క లెక్కే.

నాలుగోది ఎదుటి జట్టు. మన వాదనల్లో ఎప్పుడూ మర్చిపోయేది దీన్నే. ఆ యుగోస్లావియా ఆ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్‌తో 5-5 డ్రా ఆడింది, డెన్మార్క్‌కు ఐదు గోల్స్ కొట్టింది. రజతంతో ఇంటికి వెళ్లింది. ఫైనల్లో వాళ్లను ఆపింది హంగేరీ ఒక్కటే. దాంతో పోలిస్తే మన ఓటమి దారుణమే, కానీ వింత మాత్రం కాదు.

ఇది ఆటగాళ్లదే అని ధైర్యంగా చెప్పగలిగే ఓటమి కావాలంటే దానికి నాలుగేళ్లు ముందుకు వెళ్లాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడాం. ఆ మ్యాచ్‌లో మనకు రెండు పెనాల్టీలు దొరికాయి, రెండూ పోయాయి. పెనాల్టీ కొట్టేటప్పుడు కోచ్ గీత బయటే ఉంటాడు.

హెల్సింకీ లెక్క అంత సులువుగా తేలదు. కోచ్ వాటా ఎంతో తెలియాలంటే అదే కోచ్ తర్వాత ఏం చేశాడో చూడాలి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు జట్టు మళ్లీ రహీం సాబ్ చేతిలోనే ఉంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఉన్నారు. మిగతావాళ్లలో ఎక్కువమంది కొత్త కుర్రాళ్లు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాంకు అప్పుడు ఇరవై ఏళ్లు. హైదరాబాద్ నుంచి జుల్ఫికరుద్దీన్ కూడా ఉన్నాడు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు, అందులో నెవిల్ డిసౌజాది హ్యాట్రిక్. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి హాఫ్ టైమ్‌కు 0-0. తర్వాత మొదటి గోల్ కూడా మనదే. చివరికి 4-1తో ఓడాం. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంలో ఆగాం.

పది నుంచి నాలుగుకు తగ్గడం మొత్తం కోచ్ ఘనతే అనేస్తే అదీ తప్పే. 1952లో మనల్ని చితకబాదిన జెబెక్, వుకాస్, మితిచ్‌లు మెల్‌బోర్న్‌కు రాలేదు. మనవాళ్లకు బూట్లు అలవాటయ్యాయి. అయినా ఆట పద్ధతి మారిందన్నది మాత్రం నిజం. ముందు వరసలో ఒకరిని కాస్త వెనక్కి లాగి ఆడించడం రహీం సాబ్ నేర్పిందే. పెద్ద జట్లు ఆ దారి పట్టిన రోజుల్లోనే ఆయనా పట్టారు.

ఇంకా గట్టి సాక్ష్యం 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో మనల్ని ఓడించింది. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో గెలిచాం. అదే కోచ్, అదే బృందం, మధ్యలో కొద్ది రోజులే. మరి మారిందేంటి? డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఫైనల్లో ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్‌ది. గోల్‌లో జ్వరం నుంచి కోలుకున్న తంగరాజ్ నిలబడ్డాడు. అంటే నిర్ణయం కోచ్‌ది, కుట్లతో తల ఆడించింది మాత్రం ఆటగాడు. ఈ గెలుపునైనా ఒక్కరి ఖాతాలో రాయగలమా?

2024లో వచ్చిన అజయ్ దేవగన్ సినిమా 'మైదాన్'లో ఈ కథ చాలామంది చూశారు. సినిమా కాబట్టి అందులో నాటకం కొంచెం ఎక్కువే. జకార్తా నాటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండటం మాత్రం కల్పన కాదు. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన పతకం ఒక్కటే, 1970 బ్యాంకాక్ కాంస్యం.