దోమా వెక్టరే, బాణం గుర్తూ వెక్టరే

ఇంటర్‌ బైపీసీ విద్యార్థికి ఫిజిక్స్‌ పీరియడ్‌లో వెక్టర్‌ అంటే బాణం గుర్తు: పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశి. జువాలజీ పీరియడ్‌లో అదే మాటకు అర్థం దోమ. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు.

లాటిన్‌లో వెక్టర్‌ అంటే మోసుకెళ్లేవాడు. ఖగోళ శాస్త్రజ్ఞులు సూర్యుడి నుంచి గ్రహానికి గీసిన గీతను ‘రేడియస్‌ వెక్టర్‌’ అన్నారు. ఆ గీతే గ్రహాన్ని తన కొసన మోస్తూ సూర్యుడి చుట్టూ తిప్పుతోందని ఊహ. 1840లలో ఐరిష్‌ గణితవేత్త హామిల్టన్‌ ఆ మాటను బీజగణితంలోకి తెచ్చి, దిశ ఉన్న రాశికి వెక్టర్‌ అని, లేనిదానికి స్కేలార్‌ అని పేర్లు పెట్టాడు. శాస్త్రవేత్తలు గిబ్స్‌, హెవిసైడ్‌ల చేతుల మీదుగా అది నేటి ఫిజిక్స్‌ పుస్తకాల్లోకి వచ్చింది.

జీవశాస్త్రంలో మోత ఇంకా స్పష్టం: వెక్టర్‌ అంటే రోగక్రిమిని మోసుకెళ్లే జీవి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్‌ వైద్యుడు రొనాల్డ్‌ రాస్‌, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్‌ దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. దాని జీర్ణకోశం గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా రోగుల రక్తంలోని పరాన్నజీవుల్లో ఉండే రంగు రేణువులూ అలాంటివే. రోగక్రిమి దోమ ఒంట్లో పెరుగుతోందన్నమాట! బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది.

అనాఫిలిస్‌ను ఉత్త మోతగత్తె అంటే తక్కువ చేసినట్టే. ఈగ తన కాళ్లకు అంటుకున్న క్రిముల్ని అన్నం మీదికి చేరవేస్తుంది, అంతే. మలేరియా క్రిమి సంయోగం చెందేది మాత్రం దోమ కడుపులోనే. అక్కడ పెరిగి, దోమ లాలాజల గ్రంథులకు చేరాకే మరో మనిషికి సోకగలదు.

జన్యు ప్రయోగశాలలో డీఎన్‌ఏ ముక్కను బాక్టీరియాలోకి చేర్చే ప్లాస్మిడ్‌ కూడా వెక్టరే. కోవిషీల్డ్‌ టీకాలో చింపాంజీ ఎడినోవైరస్‌ను, సంఖ్య పెంచుకోలేకుండా మార్చి, కరోనా స్పైక్‌ ప్రోటీన్‌ జన్యువును మోయడానికి వాడారు. స్పుత్నిక్‌ వి టీకా రెండు డోసుల్లో రెండు వేర్వేరు ఎడినోవైరస్‌లు ఉన్నాయి. మొదటి డోసుతోనే, జన్యువును మోసుకొచ్చిన వైరస్‌నూ శరీరం గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ అదే వస్తే సరుకు దించకముందే అడ్డుకోవచ్చు. అందుకే రెండోసారి వాహనం మార్చారు.

తెలుగు మాధ్యమం పిల్లలకు ఈ చుట్టరికం మరింత కనబడదు. గణితంలో వెక్టర్‌ ‘సదిశ’, జీవశాస్త్రంలో ‘వాహకం’. పైగా భౌతికశాస్త్రంలో వాహకం అంటే విద్యుత్తును ప్రవహింపజేసే రాగి తీగ! ఏ పేరూ తప్పు కాదు, మార్చనక్కర్లేదు. పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలు ఆ పదం పక్కన దాని పుట్టుక గురించి ఒక్క వాక్యం చేరిస్తే చాలు. అది అచ్చయ్యేదాకా, ఉపాధ్యాయులారా, పాఠం మొదలుపెట్టే ముందు ఆ వాక్యం మీరే చెప్పండి.