వైద్య పరిశోధనకు పల్లె రోగుల ఎలక్ట్రానిక్ రికార్డులు
(ప్రత్యేక వ్యాసం)

రాయచోటి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు పరీక్ష చేయించుకున్న రైతు వివరాలు ఆనాటి చికిత్సతోనే ముగిసిపోవు. అటువంటి వేలాది రికార్డులను పేర్లు తొలగించి, ఏళ్ల తరబడి పరిశీలించినట్లయితే ఏ మందు ఎవరికి పనిచేసినదీ, ఏ వ్యాధి ఎక్కడ పెరుగుతున్నదీ తెలుస్తుంది. అయితే రికార్డు నిజమైనదిగా ఉండాలి, రోగి నమ్మకం చెదరకుండా ఉండాలి.

బ్రిటన్ అనుభవం

బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల కంప్యూటర్ రికార్డుల సేకరణ 1987లో ప్రారంభమైంది. ఎం.ఎం.ఆర్. టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందన్న భయం వ్యాపించినప్పుడు ఈ రికార్డుల ఆధారంగానే పరిశోధకులు 1,294 మంది బాధితులను, 4,469 మంది ఇతరులను పోల్చి చూశారు. టీకా వల్ల ముప్పు పెరిగినట్లు ఆధారం లేదని 2004లో వెల్లడించారు. అదే ఇంగ్లండులో ప్రజలకు సరిగా వివరించకుండా తలపెట్టిన ‘కేర్.డేటా’ పథకం విశ్వాసం కోల్పోయి 2016లో మూతపడింది.

మన దేశంలో

2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. దీని కింద ఇచ్చే 14 అంకెల ‘ఆభా’ సంఖ్య రోగి రికార్డులను అనుసంధానించడానికి ఉద్దేశించినది. రికార్డులు అవి తయారైన ఆసుపత్రిలోనే ఉంటాయి. రోగి సమ్మతితోనే మరొకరికి అందుతాయి. చికిత్స కోసం ఇచ్చిన సమ్మతిని పరిశోధనకు ఇచ్చిన సమ్మతిగా భావించరాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి పరిశోధనను నైతిక సంఘం సమీక్షించవలసి ఉంటుంది. తెలుగునాట హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ తన ఎలక్ట్రానిక్ రికార్డుల ఆధారంగా పలు పరిశోధన పత్రాలు వెలువరించింది.

మెట్ట ప్రాంతంలో జాగ్రత్తలు

రాయచోటి, గాలివీడు, లక్కిరెడ్డిపల్లె వంటి వర్షాధార మండలాల నుండి అనేకులు ఉపాధి కోసం కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వెళుతుంటారు. ఒక వ్యక్తి రక్తపోటు వివరాలు రెండేళ్లపాటు నమోదు కానప్పుడు ఆయన ఆరోగ్యంగా ఉన్నట్లా, మందులు మానినట్లా, ఊరిలో లేనట్లా? ఖాళీ గడిని ఆరోగ్యంగా లెక్కించిన పరిశోధన తప్పుదారి పడుతుంది. పరీక్షించకుండానే అందరికీ 120/80 అని రాసినట్లయితే నష్టం మరింత ఎక్కువ. ఆ అంకెను నమ్మి మందు ఇవ్వనందున మొదట నష్టపోయేది ఆ రోగియే.

పేరు తొలగించడం కూడా చాలదు. చిన్న పల్లెలో వయసు, వృత్తి, అరుదైన వ్యాధి తెలిస్తే ఆ మనిషి ఎవరో ఊరంతా గుర్తిస్తుంది. కనుక బయటికి ఇచ్చే గణాంకాలు గ్రామాలవారీగా కాక మండలాల లేదా జిల్లాలవారీగా ఉండడం మేలు.

పాత్రికేయులు గమనించవలసినది

‘కేసులు పెరిగాయి’ అని రాసే ముందు ఎంతమందిని పరీక్షించారో అడగవలసి ఉంటుంది. పరీక్షలు పెరిగినప్పుడు వ్యాధి పెరగకపోయినా కేసులు ఎక్కువగా కనిపిస్తాయి. అధికారులు ఈ రెండు అంకెలను కలిపే అందజేయాలి. ఆరోగ్య కేంద్రంలో ఆ అంకెను నమోదు చేసే ఉద్యోగికి రోగిని పరీక్షించడానికి తగిన సమయం ఇచ్చినప్పుడే ఆ సమాచారం పరిశోధనకు పనికివస్తుంది.